తొంభై రాత్రుల ఊపిరి

బస్సు పెద్ద వంతెన దిగింది. ఇంకో గంట. గడియారం చూడక్కర్లేదు, ఇరవై ఆరేళ్ళు నడిపిన రోడ్డు, వంతెన దిగగానే ఎడమ చక్రం కింద గతుకు రావాలి, వచ్చింది, ఆ గతుక్కి అతని కుడికాలు దానంతటదే బ్రేకు కోసం వెతుక్కుంది. అక్కడ బ్రేకు లేదు, రేకు ఉంది. అతనిప్పుడు డ్రైవరు కాదు, ముందు సీట్లో ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్న ఒక ప్యాసింజరు. సంచీలో మెషీను ఉంది, రాత్రి ముక్కుకి మాస్కు తగిలించుకుని పడుకుంటే గొట్టంలోంచి గాలి ఊది గొంతు పూడుకుపోకుండా చూసే మెషీను. ఎక్కేటప్పుడు కండక్టరు సంచీ నొక్కి చూసి, "ఏంటన్నా, దోమల మందు కొట్టేదా" అన్నాడు. "కాదు, ఊపిరి మెషీను" అన్నాడతను. "దేవుడిచ్చిన ఊపిరి చాల్లేదా నీకు" అని వాడు నవ్వి, దానికి లగేజీ టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కాసేపు బుర్ర గోక్కుని వదిలేశాడు. వాడికేం తెలుసు, ఆ మెషీను పక్కన తపాలా బిళ్ళంత కార్డొకటి ఉంటుందనీ, మాస్కు పెట్టుకున్నవాడు ఎన్ని గంటలు పడుకున్నాడో ఎలా ఊపిరి తీశాడో అంతా అందులో రాసుకుంటుందనీ. తొంభై రాత్రులు, రాత్రికి నాలుగు గంటలకి తక్కువ కాకుండా. పదకొండున్నరకి బస్సు కంపెనీ ఆసుపత్రిలో ఆ కార్డు చూస్తారు. బాగుంటే ఫిట్టని కాగితం ఇస్తారు, కాగితం ఉంటే స్టీరింగు. లేకపోతే ఏడు నెలలుగా చేస్తున్న పనే, డిపోలో టైర్లకి గాలి కొట్టడం. ఊపిరాడనివాడికి గాలి కొట్టే పని ఇచ్చిన ఆ పెద్దమనిషెవడో గానీ, వాడికి హాస్యం తెలుసు.

ఈ సీట్లో కూర్చుంటాననుకోలేదు. వెనకెక్కడో కూర్చుని పోదామనుకున్నాడు. కానీ బస్సు నడిపేది పొట్టోడు, ఒకప్పుడు అతని చేతికిందే గేర్లు మార్చడం నేర్చుకున్నవాడు, "గురువుగారూ, మీరు వెనకేంటి, రండి ముందుకి" అని తన పక్కనున్న ఒంటి సీటు చూపించాడు. బావ సీటు. వరసకి బావేం కాదు, పద్దెనిమిదేళ్ళు ఒకే బస్సు మీద తిరిగితే వరస దానంతటదే పుడుతుంది. బావ కండక్టరు, టిక్కెట్లన్నీ కొట్టేశాక వచ్చి ఈ సీట్లో వెనక్కి వాలి, చెప్పిన కథే మళ్ళీ చెప్పేవాడు, ముందు సీట్లోవాడు డ్రైవరుతో మాట్లాడుతూనే ఉండాలి, అది పని. ఆ రోజు బావ కూడా మాట్లాడుతూనే ఉన్నాడు, అదే చిత్రం, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఖాళీ రోడ్డు, ఎండ, బావ వాళ్ళ అల్లుడి గురించి ఏదో చెబుతున్నాడు, "వాడు అన్నాడు కదా" అన్నదాకా అతను విన్నాడు, ఏమన్నాడో వినలేదు. మధ్యలో నాలుగు సెకన్లు. కల్వర్టు గోడ. ఇప్పుడు మోకాళ్ళ ముందున్న ఈ రేకు, వేరే బస్సుది, నున్నగా రంగేసి ఉంది, ఇలాంటి రేకే అట్టముక్కలా లోపలికి మడతపడింది, దాని మధ్యలో బావ మోకాలు. ముప్ఫై ఎనిమిది మందికి గీతలు పడ్డాయి, ఒకరికి పన్ను ఊడింది, బావకి కాలు పోలేదు గానీ ఉన్నా లేనట్టే. ఎంక్వయిరీలో బావ కర్ర ఆనించుకుని నిలబడి, "కుక్క అడ్డొచ్చింది సార్" అన్నాడు. "ఏ రంగుదయ్యా" అనడిగారు. "నల్లది సార్." తడుముకోలేదు. రంగుతో సహా కుక్కని పుట్టించాడు మహానుభావుడు. ఆ కుక్క ఇప్పుడు అతనికి కల్లోకి వస్తుంది, చెవులాడిస్తుంది, రోడ్డు మధ్యలో కూర్చుని గోక్కుంటుంది, ఎంత హారన్ కొట్టినా లేవదు. కుక్క కథతో అంతా సర్దుకుపోయేదే, రెండో వరసలో కూర్చున్న ఒక ముసలాయన మాత్రం, కుక్కని నేను చూడలేదు, గురక మాత్రం విన్నాను, అని రాసిచ్చాడు. ఒక్క వాక్యం. ఏడో తరగతితో బడి మానేసిన అతను ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నాడో.

గురక కొత్తదా ఏమన్నా. డిపో రెస్టు రూములో అతని పేరు రైలింజను. మూల మంచం అతనిదే, దాని చుట్టుపక్కల రెండు మంచాలు ఎప్పుడూ ఖాళీ. "నువ్వు బస్సు నడపక్కర్లేదురా, దాన్ని పట్టుకుని పడుకో చాలు, అదే కదిలిపోతుంది" అనేవాళ్ళు. నవ్వేవాడు. గురక మగాడికి మీసం లాంటిదనుకున్నాడు. నాన్న గురక వీధి చివరికి వినిపించేది, యాభై రెండో ఏట ఒక రాత్రి ఆగిపోయింది, పొద్దున్న వచ్చినవాళ్ళంతా, అదృష్టవంతుడు, నిద్రలోనే పోయాడు, అన్నారు, అమ్మ కూడా అదే మాట పట్టుకుని పదేళ్ళు బతికింది. దుప్పటి మాత్రం మంచం కోళ్ళకి చుట్టుకుపోయి ఉంది. నాన్న గోళ్ళ సందుల్లో మంచం నులక పోగులున్నాయి. అవి అతనే తీశాడు, పద్దెనిమిదేళ్ళ వాడప్పుడు, ఒక్కొక్కటీ లాగి తీశాడు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తనకి యాభై ఒకటి. నిద్ర పరీక్ష చేసిన అమ్మాయి, కూతురి వయసుంటుంది, తల నిండా వైర్లు అంటించి, పొద్దున్నే కాగితం చూసి, "గంటకి ముప్ఫై నాలుగు సార్లు మీ ఊపిరి ఆగిపోతోంది సార్" అంది, బస్సు లేటని చెప్పినంత మామూలుగా. మెషీను ఇచ్చింది. మూడు నెలల తర్వాత కార్డు తీసుకుని రండి అంది.

మొదటి రాత్రి పది నిమిషాలు. మాస్కు మొహానికి బిగించగానే ఎవరో అరచేత్తో నోరు మూసినట్టయింది, గాలి లోపలికి తోసుకొస్తోంది, బయటికి వదలాలంటే దాంతో కుస్తీ పట్టాలి, అతను పీకి అవతల పారేశాడు. రెండో రాత్రి ఇరవై నిమిషాలు. మూడో రాత్రి గొట్టం మెడకి చుట్టుకుందని లేచి గోడని గుద్దాడు. నాలుగో రాత్రి మాస్కుని తలగడకి కట్టాడు, గలీబు మీద రెండు పట్టీలూ బిగించి బొమ్మకి తొడిగినట్టు తొడిగాడు, మెషీను రెండు నిమిషాలు ఊది, ఊపిరి లేని చోట తనకేం పని అన్నట్టు కూత పెట్టి ఆగిపోయింది. తెలివైన ముండ. తలగడతో కుదరదు, ఊపిరి తీసేదేదో కావాలి. అప్పుడు పక్కన పడుకున్న పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది, దుకాణంలో వస్తువుని చూసినట్టు చూశాడు. "నువ్వు పెట్టుకోరాదూ" అన్నాడు. సగం నవ్వుతూనే అన్నాడు, కాదంటే నవ్వులాటకే అన్నానని తప్పుకోవచ్చని. ఆవిడ లేచి కూర్చుని, జుట్టు ముడేసుకుని, మాస్కు అందుకుంది. "ఎటు తిరగేసి పెట్టుకోవాలి" అని మాత్రం అడిగింది.

బస్సు మలుపు తిరిగింది, ఎండ అద్దంలోంచి సూటిగా అతని మొహం మీద పడింది. ఆవిడ బట్టలు కుట్టే కంపెనీలో కాలర్లు కుడుతుంది, రోజుకి మూడు వందల కాలర్లు, సాయంత్రానికి కళ్ళు నిప్పుల్లా ఉంటాయి, ఆ కళ్ళు మూసుకుని రాత్రంతా గొట్టం తగిలించుకుని పడుకునేది. అటూ ఇటూ కదలకు, కదిలితే గాలి లీకవుతుంది, లీకైతే కార్డు మీద పడుతుంది, అని అతనే చెప్పాడు. కదలలేదు. ఎప్పుడన్నా రాత్రి అతను గొంతులో రాయి పడ్డట్టు ఉలిక్కిపడి లేస్తే, పక్కన ఆవిడ వెల్లకిలా, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని, నీళ్ళ అడుగున పడుకున్న మనిషిలా, మాస్కు పైన కళ్ళు తెరుచుకుని. నిద్రపోలేదా అంటే తలూపేది. నిద్రపోయినట్టా పోనట్టా ఆ తలూపడం, అతను తేల్చుకునేలోపే మళ్ళీ నిద్ర వచ్చేది. నిద్ర ఎప్పుడూ వస్తుంది, అదే రోగం, బియ్యం బస్తా భుజం మీదికి దించినట్టు వస్తుంది, ఇప్పుడు కూడా, ఈ ఎండ, ఇంజను వేడి, కాళ్ళ కింద సన్నగా వణికే రేకు, నల్లకుక్క రోడ్డు మధ్యలో లేచి నిలబడి ఆవలించి, ఇటే నడిచి వస్తోంది, దాని మెడలో గొట్టం, వాడు అన్నాడు కదా, వాడు అన్నాడు కదా

"అన్నా. అన్నా. లే."

కండక్టరు భుజం పట్టుకుని కుదుపుతున్నాడు. బస్సు రోడ్డు పక్కకి తీసి ఆపి ఉంది. వెనక వరసల్లో మొహాలన్నీ అతని వైపే ఉన్నాయి, ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో భయానికో తెలియదు. పొట్టోడు స్టీరింగు మీద చేతులుంచే, తల తిప్పకుండా, అద్దంలోంచి అతన్ని చూస్తున్నాడు.

"గురువుగారూ," అన్నాడు, "ఏమనుకోకండి. కొంచెం వెనక్కెళ్ళి కూర్చుంటారా."

ముందు సీట్లో నిద్రపోకూడదు. ఇది ఎక్కడా రాసిలేదు, డ్రైవర్లందరికీ తెలుసు. నిద్ర జలుబు లాంటిది, పక్కవాడికి అంటుకుంటుంది. ఇరవై ఆరేళ్ళలో అతను ఈ సీట్లోంచి ఎంతమందిని లేపి వెనక్కి తోలాడో, ఒకసారి పెళ్ళికొడుకుని, ఒకసారి పోలీసాయన్ని, "పడకెయ్యాలంటే ఇంటికెళ్ళి వెయ్యండి, నా పక్కన కాదు" అని బస్సంతా వినేలా అరిచాడు. ఆ మాట పొట్టోడికి నేర్పింది తనే. వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. లేచాడు. లేవగానే తొడలు చల్లగా తగిలాయి, కిందికి చూసుకుంటే ప్యాంటు ముందంతా తడి, మోకాళ్ళదాకా ముదురు మరక, సీటు మీంచి చుక్కలు కారుతున్నాయి. అయ్యో, అని ఎవరో మెల్లిగా అన్నారు. కండక్టరు, దోమల మందు జోకు వేసినవాడు, ఇప్పుడు కిటికీ బయటికి చూస్తున్నాడు. ఇంత వయసొచ్చి, అని ఒక గొంతు, ఇంకో గొంతు దాన్ని ఊరుకోమంది. అతను సంచీ ముందు అడ్డం పెట్టుకుని, సీట్లు పట్టుకుంటూ నడిచాడు, ఏ సీటు ఎన్ని అడుగుల్లో ఉంటుందో చీకట్లో కూడా తెలిసిన ఆ నడవా ఆ రోజు ఎంతకీ తెగలేదు. అవి అతని ఒంట్లోంచి వచ్చిన నీళ్ళు కావు. సంచీ కిందనుంచి కారుతున్నాయి. మెషీనులోంచి. మెషీనులో నీళ్ళేంటి.

ఆఖరి వరస కిటికీ దగ్గర కూలబడ్డాడు. బస్సు కదిలింది. జిప్పు తీస్తే లోపల మెషీను తడిసి ముద్దయి ఉంది, పక్కకి ఒక చిన్న డబ్బా, దాని మూతలోంచి ఇంకా జారుతున్నాయి, అలాంటి డబ్బా అక్కడుందని అతనెప్పుడూ చూడలేదు. అప్పుడే ఫోను మోగింది. ఆవిడే. వెనక కుట్టుమిషన్లు వడగళ్ళ వానలా.

"ఏమయ్యా, నీళ్ళు పారబోశావా."

"ఏ నీళ్ళు."

"డబ్బాలోవి. గాలి పొడిగా కొడితే ముక్కు మండుతుంది, అందుకని రోజూ రాత్రి నీళ్ళు పోస్తాను, పొద్దున్నే పారబోస్తాను. ఇవాళ షిఫ్టుకి టైమైపోయి మర్చిపోయాను. సంచీ వంచితే మోటారులోకి పోతాయి, చూసుకో."

"చూసుకుంటాన్లే" అన్నాడు. తొంభై రాత్రులు తను మాస్కు పెట్టుకున్నానని చెప్పడానికి పోతున్నవాడికి దాంట్లో నీళ్ళు పోస్తారని తెలియదు. రాత్రి నీళ్ళు పోస్తున్నారా సార్ అని ఆసుపత్రిలో ఆ నిద్ర పరీక్ష అమ్మాయి ఒక్క మాట అడిగితే చాలు. కార్డు. గోటితో పీకి చూశాడు, తడవలేదు, చొక్కాతో తుడిచి జేబులో వేసుకున్నాడు. కార్డు బాగుంటే చాలు. మెషీను ఎటు పోతే ఏం. ఆవిడ ఊపిరి బంగారం, ఏ రోగమూ లేని మనిషి, కార్డు చూస్తే వాళ్ళే, భలే తగ్గిందండీ మీకు, అంటారు.

"ఇంకోటి," అంది ఆవిడ. గొంతు తగ్గించింది, సూపర్‌వైజరు అటు తిరిగేదాకా ఆగినట్టుంది. "రాత్రంతా ఆలోచించాను, చెప్పాలా వద్దా అని. ఆ కార్డు ఊపిరి ఆగిపోవడం కూడా రాస్తుంది కదా."

"నీకెందుకు ఆగుతుంది."

"ఆగుతుందయ్యా. నీది ఆగినప్పుడు."

అతను ఫోను చెవికి ఇంకా అదుముకున్నాడు.

"కావాలని కాదు. ఇదివరకైతే నీకు ఆగిపోగానే మోచేత్తో పొడిచేదాన్ని, నువ్వు తిట్టి అటు తిరిగేవాడివి, అయిపోయేది. ఇప్పుడు కదలొద్దన్నావు కదా. ఇంక వింటూ పడుకోవడమే. నీది ఆగిపోతుంది, ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అని చూస్తూ ఉంటాను, నువ్వు తీసుకునేదాకా నాకు లోపలికి పోదు. నువ్వు తీసుకున్నాక తీసుకుంటాను. రాత్రంతా అంతే. అదంతా అందులో పడుంటుంది. నీ పని చెడుతుందేమోనని." మిషన్ల చప్పుడు. "వచ్చేస్తున్నాడు, పెట్టేస్తున్నా" అంది.

కిటికీలోంచి రోడ్డు వెనక్కి పోతోంది. టైర్ల దుకాణం, గోడ మీద రంగు వెలిసిన సబ్బు బొమ్మ, ఇటుకల బట్టీ. గంటకి ముప్ఫై నాలుగు. రాత్రికి ఆరు గంటలనుకుంటే, అతనికి గుణకారం నోటికి రాదు, బడి మానేసింది అందుకే, వేళ్ళు మడిచి చూసి వదిలేశాడు. ఆ మధ్య ఒక రాత్రి ఆవిడ మాస్కు లాగి పారేసి రెండు చేతులతో అతని గుండెల మీద బాదింది, అతను లేచి, పిచ్చెక్కిందా, ఇవాళ్టి గంటలు పాడు చేశావు కదే, అన్నాడు. ఆవిడ రొప్పుతూ అతన్ని చూసి, మళ్ళీ మాస్కు పెట్టుకుని పడుకుంది. ఎంతసేపు ఆగిందో ఆ రాత్రి. డ్రైవరు నెత్తిమీద ఎర్ర అంకెల గడియారం ఉంది, ఇక్కడినుంచి కూడా కనిపిస్తుంది, చుక్కలు సెకనుకోసారి కొట్టుకుంటాయి. అతను నోరు మూసుకుని ఊపిరి బిగబట్టాడు. పది. ఏమంత కష్టం. ఇరవై, కల్వర్టు వచ్చింది, కొత్త గోడ కట్టారు, సున్నం కూడా వేశారు. ముప్ఫైకి చెవుల్లో చప్పుడు మొదలైంది. ముప్ఫై ఐదుకి కళ్ళ ముందు నల్లటి చుక్కలు, ఇంకొక్కటి ఇంకొక్కటి అనుకుంటూ సీటు అంచు పట్టుకున్నాడు, గోళ్ళు రెగ్జీనులో దిగాయి, నలభై ఒకటి దగ్గర నోరు దానంతటదే తెరుచుకుని పెద్ద చప్పుడుతో గాలి లోపలికి పోయింది. బస్సులోవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. పొట్టోడి కళ్ళు కూడా అద్దంలోకి లేచాయి, అతన్నే చూస్తున్నాయి, ఒకటి, రెండు.

"రోడ్డు చూడరా," అని అరిచాడతను. "రోడ్డు చూసి నడుపు."

కళ్ళు దిగిపోయాయి. రెగ్జీను పోగులు గోళ్ళ సందుల్లో ఇరుక్కున్నాయి, ఒక్కొక్కటే తీసుకుంటూ కూర్చున్నాడు. కార్డు చూసి ఆ అమ్మాయి ఏమంటుంది. ఇంకా ఆగుతోంది సార్, గాలి ఇంకొంచెం పెంచుదాం, అంటుంది. లేదా అన్నీ చూడకుండా గంటలు మాత్రం చూసి, బాగుంది, అని సంతకం పెడుతుంది, అలా కూడా జరుగుతుంది, పది మందిలో తొమ్మిది మందికి అలాగే జరుగుతుందని డిపోలో అంటారు. అప్పుడు స్టీరింగు. పక్క సీట్లో ఇంకో బావ. వెనక ముప్ఫై ఎనిమిది మంది. బావ కుక్కనిచ్చాడు, ఆవిడ ఊపిరిచ్చింది, ఇంక వెనక కూర్చునేవాళ్ళు ఏమివ్వాలో.

బస్సు స్టాండులో ఆగింది. అందరూ దిగేదాకా కూర్చున్నాడు. దిగేటప్పుడు పొట్టోడు సీట్లోంచి లేచి నిలబడ్డాడు, "గురువుగారూ, మరి" అని ఏదో అనబోయాడు. అతను వాడి భుజం తట్టాడు. "బాగా చేశావు" అన్నాడు, "ఎవడైనా అంతే. నేనైనా." ఎదురుగా రోడ్డుకి అవతల ఆసుపత్రి గేటు. ప్యాంటు సగం ఆరింది, మరక అంచులు తెల్లగా కట్టాయి. కుళాయి గట్టు మీద సంచీ బోర్లించాడు, దోసెడు నీళ్ళు, తర్వాత చుక్కలు. మెషీను మీట నొక్కితే వెలగదని తెలుసు, కరెంటు ఏది, అయినా నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ళు కదిలాయి. ఫోను తీశాడు.

"వెళ్ళావా లోపలికి" అంది ఆవిడ.

"వెళ్తున్నాను. కార్డు ఇవ్వను. నేను పెట్టుకోలేదని చెప్పేస్తాను."

"మళ్ళీ టైర్లేనా."

"టైర్లే. అదీ ఉంచితే."

చొక్కా జేబులో కార్డు వేలికి తగిలింది, పారేద్దామనుకున్నాడు, కుళాయి కింద మురికి కాలవ పారుతోంది, చెయ్యి అక్కడిదాకా పోయి మళ్ళీ జేబులోకే వచ్చింది.

"మెషీను తడిసిపోయింది," అన్నాడు. "ఇంకోటి ఇస్తారో లేదో. ఇచ్చినా ఎప్పటికో. ఈ రాత్రినుంచి నువ్వు ముందు గదిలో పడుకో. తలుపేసుకుని పడుకో. నిద్రపో, నువ్వు."

అటునుంచి జవాబు లేదు. తెగిపోయిందేమోనని ఫోను చెవి దగ్గరనుంచి తీసి చూశాడు, తెగలేదు, తెర మీద సెకన్లు నడుస్తున్నాయి, మిషన్ల చప్పుడు సన్నగా వినిపిస్తూనే ఉంది. యాభై ఒకటి. యాభై రెండు. ఒక బస్సు రివర్సు తీసుకుంటోంది, ఎవడో దాని వెనక రేకు మీద దబదబ కొడుతున్నాడు. అరవై. ఛాతీలో ఏదో బిగుసుకుంది, అప్పటికి గానీ తెలియలేదు అతనికి, తను ఊపిరి తీసుకోవడం లేదని.

"తలుపేసుకుంటే వినపడదు కదయ్యా" అంది ఆవిడ.